ఆటలో నొక క్షణము

అరిసెల పాకము పట్టునప్పుడు మనలో నెవరును గడియారము చూడము. నీళ్ళగిన్నెలో నొక చుక్క విడిచి, వ్రేళ్ళతో కూర్చి చూచి, మెత్తని యుండ కట్టినదని తోచగనే పిండి పోయుదుము. కొంచెము తొందరపడినచో అరిసె నూనెలో విచ్చిపోవును. కొంచెము జాగు చేసినచో రాయి యగును. ఈ తెలివి మనకు పుట్టుకతో వచ్చినది కాదు. అమ్మయో అత్తగారో ప్రక్కన నిలిచి, "ఇంకను రాలేదు, చూడు, ఇప్పుడు వచ్చినది, చూడు" అని యేండ్ల తరబడి చూపగా వచ్చినది. వచ్చిన పిమ్మట అది యెట్లు తెలిసినదని యెవరైన నడిగిన మనము చెప్పలేము. కన్ను చెప్పుననియే అందుము.

ఫుట్‌బాలు ఆటను గూర్చి వ్రాయబూని పాకముతో నారంభించినందుకు సోదరీమణులు మమ్ము మన్నింతురు గాక. కారణము కలదు.

మొన్నటి సంక్రాంతి దినములలో మేము బోధనులో మా చెల్లెలి యింట నుంటిమి. నిజాంసాగరు కాలువల నీటితో చెఱకు పండిన నేల యది. మంజీరపై 1923లో మొదలిడి 1931లో ముగించిన యా యానకట్టను నమ్మియే 1937లో శక్కర్‌నగరున నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలసినది. 2015 డిసెంబరులో మూతపడినది. మా చెల్లెలి మామగారు అందు చిరకాలము పని చేసినవారు. మరుగుచున్న పాకమునుండి బొట్టు తీసి, గాజుపలకపై రాచి, వెలుగునకు పట్టి, గింజ యెంత కట్టినదో చూచి, ఇక దింపవచ్చునని చెప్పుట ఫ్యాక్టరీలో నెంత గొప్ప పనియో ఆయన చెప్పుచుండగా, మేము సకినాలు చుట్టుచు వినుచుంటిమి. ఆ సాయంత్రము మా చెల్లెలి కూతురి బడిలో ఆట కలదన్నారు. అందరమును పోతిమి.

పిల్ల తొమ్మిదవ తరగతి చదువుచున్నది. పరుగులో ఆమె నందుకొనువారు ఆ బడిలో లేరు. బంతి కాలికి దొరకినదా, గాలివలె పోవును. పోయి యేమి చేయును? ఎదుట నిలిచిన పిల్ల మీదికే కొట్టును! ఎడమప్రక్కన తన జట్టుపిల్ల యొంటరిగా నిలిచి చేతులూపుచున్నది. అటు చూడనే లేదు. రెండవసారియు నట్లే. మూడవసారి బంతి పోయినప్పుడు గట్టుమీద నున్న పెద్దమనిషి యొకరు, "కాళ్ళున్నయి గని తలకాయ లేదు" అని నవ్విరి. పిల్ల విన్నది. పిల్ల తండ్రియు విన్నాడు.

ఇంటికి వచ్చిన పిమ్మట ఆయన, "వచ్చే యేడు పదవ తరగతి. ఈ తిరుగుడు చాలు, ఆట మానిపిద్దాం" అనెను. మా చెల్లెలు మాటాడలేదు. పిల్ల వంటింటి గుమ్మమున మా ప్రక్కన కూర్చుండి మెల్లగా నిట్లనెను: "నేను చూసిన పెద్దమ్మా. గని నాకు కనబడలే."

ఈ చిన్నమాట మమ్ము విడువలేదు. చూచుట వేరు, కనబడుట వేరు. ఇంత సూక్ష్మమైన విషయము పిల్ల నోట వచ్చినదని యాశ్చర్యపడి, ఈ సంగతిని గూర్చి లోకమున నెవరైన నాలోచించిరా యని వెదకితిమి. ఆలోచించిరి, ఎనుబది యేండ్లుగా నాలోచించుచున్నారు.

మొదట చదరంగముతో నారంభమైనది. హాలెండు దేశపు డి గ్రూట్ అను మనశ్శాస్త్రజ్ఞుడు చదరంగపు దిట్టల యాలోచనారీతిని గూర్చిన తన గ్రంథమును 1946లో ప్రకటించెను. అటుపిమ్మట 1973లో అమెరికాలో చేజ్, సైమన్ అను నిరువురు దిట్టలకును క్రొత్తవారికిని బల్లను కొద్ది క్షణములు చూపి దాచివేసి, పావులెచ్చట నున్నవో మరల పేర్చుమనిరి. నిజమైన యాటనుండి తీసిన బల్ల యైనచో దిట్టలు చక్కగా పేర్చిరి. అవే పావులను ఇష్టము వచ్చినట్లు చెల్లాచెదరుగా నుంచిన బల్ల యైనచో దిట్టలును తక్కినవారివంటివారే యైరి. అనగా వారి జ్ఞాపకశక్తి యందు వింత లేదు. ఆట రూపము వారి కన్నునకు తెలిసియున్నది, అంతియే.

మైదానపు ఆటలలో నిది నిజమగునా? కెనడా దేశపు జానెట్ స్టార్క్స్ అను విదుషి తమ దేశపు స్త్రీల హాకీ జట్టుతో దీనిని పరీక్షించి 1987లో ఫలితము ప్రకటించినది. దీపము వెలుగగానే మీట నొక్కు వేగమున జాతీయ జట్టువారు తక్కిన యాటకత్తెలకంటె మిన్న కారు! ఆట నడుచుచున్నప్పటి చిత్రమును కొద్దిసేపు చూపి, ఎవరెచ్చట నుండిరో చెప్పుమనినప్పుడు మాత్రము వారు మిక్కిలి మిన్నయైరి. "దాని కన్ను చురుకు" అని మన మనుచుందుము గదా, ఆ చురుకు కంటిలో లేదు. కన్ను దేనిని వెదకవలెనో యెరిగిన మనసులో నున్నది. ఇంగ్లండులో మార్క్ విలియమ్స్ మొదలగువారు 1994లో ఫుట్‌బాలు ఆటగాండ్ర చూపు తెరపై నెచ్చట నిలుచుచున్నదో కనిపెట్టిరి. అనుభవము లేనివారి చూపు బంతిమీదను, బంతి తన్నువాని మీదను అంటుకొనియుండెను. అనుభవశాలుల చూపు బంతికి దూరముగ కదలువారి మీదికి మాటిమాటికి పోవుచుండెను. మా పిల్ల యేమి చేసినదో యిచ్చట చదివి మాకు సిగ్గును నవ్వును కలిగినవి. అది తలకాయ లేకపోవుట కాదు. క్రొత్తవారందరు చేయునదే చేసినది.

అట్లైన నీ చూపు నేర్పవచ్చునా? నేర్పుటకై పుట్టినదే ఈనాటి "ఆగి యడుగు" చలనచిత్రము. దీని పద్ధతి చెప్పుదుము.

నిజమైన యాటను ఎత్తైన చోటినుండి, మైదాన మంతయు కనబడునట్లు చిత్రము తీయుదురు. దానిని ముక్కలు చేయుదురు. ఒక్కొక్క ముక్క కొన్ని క్షణములే. ఆటకత్తె తెరముందు నిలుచును. చిత్రము నడచుచు నడచుచు, బంతి చేత నున్న పిల్ల యేదో చేయబోవు సమయమున తటాలున నాగును, లేదా తెర నల్లబడును. ఇప్పుడు నీవైతే యేమి చేయుదువు? ఎడమకు పంపుదువా, కుడికి పంపుదువా, నీవే తీసికొనిపోదువా, గోలువైపు కొట్టుదువా? ఆలోచనకు కాలము లేదు. ఆమె తెర తాకియో, నోటితో చెప్పియో, లేక నిజముగా కాలు కదల్చియో బదులు చెప్పవలెను. పిమ్మట చిత్రము ముందునకు సాగి, జరిగినదేమో చూపును. ఆమె బదులు ఎంత సరియైనదో, ఎంత త్వరగా వచ్చినదో లెక్క కట్టును. ఇట్లు ఒక్క పావుగంటలో ఆమె ముప్పది సంకటములను చూడవచ్చును. మైదానమున ఆ ముప్పది సంకటములు కలుగుటకు ఎన్ని యాటలు కావలెనో యోచింపుడు!

చిత్రమును మధ్యలో తుంచు నీ యుపాయము ప్రాతదే. ఆస్ట్రేలియాలో బ్రూస్ అబర్నెథీ, రస్సెల్ అనువారు 1987లో బ్యాడ్మింటనులో చేసి చూపిరి. కొట్టు సమయమునకు ముందే చిత్రము తుంచి, షటిల్‌కాక్ ఎచ్చట పడునో చెప్పుమనిరి. క్రొత్తవారు రాకెట్టును మాత్రమే చూచి చెప్పిరి; నేర్పరులు రాకెట్టుతో పాటు చేతి కదలికను కూడ చదివిరి. ఆ దేశముననే డామియన్ ఫారో మొదలగువారు స్త్రీలు మిక్కుటముగా నాడు నెట్‌బాలునకు చిత్రపు తెరను వాడిరి. నిలువెత్తు తెరపై నొక ఆటకత్తె బంతి విసరబోవుచుండగా, ఎదుటి పిల్ల నిజముగా పరుగెత్తి దిశ మార్చుకొనవలెను. నేర్పరులు ముందుగనే కదలిరని 2005లో వారు తెలిపిరి. ఇటీవల అమెరికాలో తలకు తొడుగుకొను పెట్టెవంటి తెరలు కూడ వచ్చినవి. తల యెటు త్రిప్పిన నటు మైదానము కనబడును. వాని వెల సామాన్య గృహములకు తగినది కాదు గనుక వాని ముచ్చట యింతటితో చాలింతుము.

ఇచ్చట మేమొక మాట నొక్కి చెప్పవలసియున్నది. తెరముందు నేర్చినది తెరమీద చక్కగా కనబడును. మైదానమున నంత చక్కగా కనబడునని గట్టిగా చెప్పుట కష్టము. పరిశోధకులలోనే ఈ విషయమున వాదములున్నవి. కుర్చీలో కూర్చుండి "ఎడమకు" అని పలుకుట యొకటి. ఆయాసముతో, చెమట కండ్లలో పడుచుండగా, ఎదుటి పిల్ల మీద పడుచుండగా ఎడమకు తన్నుట మరియొకటి. కావుననే నోటి బదులుకంటె కాలి బదులు మేలని పలువురనుచున్నారు. పాకమును గూర్చి పుస్తకము చదివిన కోడలికిని, గరిటె పట్టిన కోడలికిని గల భేదమే యిది. చిత్రము మైదానమునకు తోడు, మారు కాదు.

మరియొక హెచ్చరిక. కంటికి వ్యాయామము చేయించెదము, చుక్కల వెంట చూపు త్రిప్పించెదము, దానితో ఏ ఆటయైన వచ్చునని చెప్పి సొమ్ము తీసికొనువారు కలరు. ఇట్టి సామాన్యమైన కంటి సాధనలవలన ఆటలో ప్రయోజనము కనబడలేదని అబర్నెథీయు వుడ్డును 2001లోనే చూపిరి. ఆట చూపు ఆటలోనే పుట్టవలెను. మన సొమ్ము పిల్ల బూట్లకు పనికివచ్చును.

నిజామాబాదు సీమ ఆడపిల్లల యాటలకు గొడ్డుపోయిన నేల కాదు. హాకీలో దేశపు జట్టున ఆడిన యెండల సౌందర్య ఈ యూరి పిల్లయే. 2022లో ఇస్తాంబూలునందును, 2023లో ఢిల్లీయందును ప్రపంచ విజేతయైన ముష్టియుద్ధ వీర నిఖత్ జరీన్ ఈ యూరి పిల్లయే. ఈ జిల్లాలోని తండాలో పుట్టిన గుగులోతు సౌమ్య ఫుట్‌బాలులో దేశపు జట్టున చేరి, 2022లో జ్యోతి చౌహాన్ అను మరియొక పిల్లతో కలిసి క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ జట్టున ఆడుటకు పోయినది; పిమ్మట కలకత్తా ఈస్ట్ బెంగాల్ జట్టున ఆడి, ఆ జట్టు 2024-25 సంవత్సరపు స్త్రీల లీగును గెలిచినప్పుడు అందుండెను. వీరి విజయమునకు చిత్రపు తెరయే కారణమని మేము చెప్పము. వీరి చెమట వీరిది. అయినను ముష్టియుద్ధమున ఎదుట నిలుచునది యొక్కతె. ఫుట్‌బాలున ఎదిరి పదునొకండుగురు, తనవారు పదిమంది. బంతి తగిలిన క్షణమున నిరువది యొకరి కదలిక తెలియవలెను. తండానుండి వచ్చిన పిల్ల కాళ్ళకు బలము నెవరును నేర్పనక్కరలేదు; ఈ కడపటి విద్యకే నేర్పువారు కావలెను. పట్టణపు పిల్లకు మంచి మైదానమును, పెద్ద ఆటలును, జీతగాండ్రయిన శిక్షకులును దొరకుదురు. బోధను చెఱకుతోటల నడుమ పిల్లకు దొరకునది యేమి? సాయంకాలము గంటసేపు, చీకటి పడిన నాడపిల్ల ఇంట నుండవలెను.

కాని ఇంట ఫోనున్నది.

ఫోను పేరు చెప్పగనే తల్లులు ముఖము చిట్లింతురని మాకు తెలియును. మేమును చిట్లించినవారమే. పిల్ల రాత్రియంతయు దానిలో ఆటలు చూచుచుండినచో ఆటకత్తె యగునా? కాదు. 2025 నవంబరు 2వ తేదీన మన స్త్రీల క్రికెట్టు జట్టు దక్షిణాఫ్రికాను గెలిచి ప్రపంచకప్పు తెచ్చినప్పుడు మన మిండ్లలో నందరము చూచితిమి, కేకలు వేసితిమి. మనలో నెవరికిని క్రికెట్టు రాలేదు గదా! చూచుట విద్య కాదు. ఆపి యడుగుట విద్య. అడిగినదానికి తడుముకొనక బదులు చెప్పుట విద్య.

కావున మేమును చెల్లెలును చేసిన పని యిది. బడి పీఈటీ టీచరమ్మను ముందుగా నడిగితిమి. ఆమె సంతోషముతో నొప్పుకొనినది. తరువాతి యాటను బడి మేడమీదినుండి ఫోనుతో తీయించితిమి. మొదటిసారి తీసినది పనికిరాలేదు. తీసినవారు బంతి వెంట ఫోనును త్రిప్పుచుండిరి, పిల్లలు సగము తెర వెలుపలనే యుండిరి. రెండవసారి ఫోనును పిట్టగోడమీద ఆనించి కదల్పక యుంచితిమి. అందులో నుండి టీచరమ్మ పండ్రెండు చోట్లు గుర్తు వేసి యిచ్చినది. ప్రతి చోటును బంతి మా పిల్లకో, మరియొక పిల్లకో చేరబోవు క్షణము. సరియైన బదులేదో కూడ ఆమెయే వ్రాసి యిచ్చినది. కొన్నిటికి రెండేసి బదులులు సరియే యనినది. అది మాకు నచ్చినది.

ఈ చిత్రములు ఇల్లు దాటరాదనియు, నలుగురు చూచు చోట్ల పెట్టరాదనియు మొదటనే కట్టడి చేసికొంటిమి. ఇతరుల యాడపిల్లలు అందున్నారు. వారి తల్లుల యనుమతి లేక తీయనే రాదు. తల్లులందరికి చెప్పియే తీసితిమి.

రాత్రి భోజనములైన పిమ్మట పావుగంట. పిల్ల కూర్చుండరాదు; హాలు నడుమ నిలువవలెను. మా చెల్లెలు ఫోను పట్టుకొని నడిపించి, గుర్తు రాగానే ఆపును. "ఇప్పుడు?" అనును. అంతకంటె ఒక్క మాట యనరాదు. పిల్ల తల తిప్పి, అడుగు వేసి, ఎటు పంపునో చూపవలెను. మా చెల్లెలికి ఫుట్‌బాలు రాదు; రానవసరము లేదు. అడుగుటకు ఆట రానక్కరలేదు, ఆపుటకు వ్రేలు చాలును. మొదటి రాత్రి పండ్రెండింట నాలుగు సరిపోయినవి. తండ్రి పత్రిక మడిచి ప్రక్కన పెట్టి చూచుచుండెను గాని మాటాడలేదు. మూడవ రాత్రికి పిల్ల తెలివిగా జవాబులు కంఠపాఠము చేసినది! ఇది మాకు తోచనే లేదు. టీచరమ్మ నవ్వి, క్రొత్త చిత్రములు కావలె ననినది. ఒకే ముక్క పలుమారు చూపిన ముక్క వచ్చును గాని ఆట రాదు.

ఇంకొక సాధన కూడ ఆమె చెప్పినది. నార్వే దేశపు గైర్ యోర్డెట్ అను పండితుడు పెద్ద యాటగాండ్రను చిత్రించి, బంతి తమ యొద్దకు రాకమునుపే భుజము మీదుగా పలుమారు వెనుదిరిగి చూచువారి పాసులు చేరవలసినవారికి ఎక్కువగా చేరుచున్నవని చూపెనట. ఇది పిల్లకు మంత్రమువలె పట్టినది. నీళ్ళు తెచ్చునప్పుడును, వాకిలి యూడ్చునప్పుడును మెడ త్రిప్పి వెనుక చూచుచుండగా పనిమనిషి భయపడి, అమ్మాయికి గాలి సోకినదేమో యని మా చెల్లెలిని చాటుగా నడిగినది.

ఆట మానిపించు ముచ్చట మరల ఎత్తినప్పుడు మామగారు కలుగజేసికొనిరి. ఆయన ఎక్కువ మాటాడువారు కారు. "గింజ చూసుడు నాకు మూడేండ్లు పట్టింది బిడ్డా. ఎన్నిసార్లు పాకం చెడగొట్టిన్నో ఫ్యాక్టరీకే ఎరుక. ఈ పోరికి మూడాటల్లనే రావాల్నా?" అని కొడుకుతో ననిరి. కొడుకు బదులు చెప్పలేదు. పదవ తరగతి చదువు పాడుకాకున్న చూతమని మాత్ర మనెను. ఆయన మాటయు తీసివేయదగినది కాదు; చక్కెర ఫ్యాక్టరీ జీతము నమ్ముకొనిన యిండ్లు 2015 పిమ్మట పడిన పాట్లు చూచినవాడు, పిల్ల చదువునే గట్టి కొమ్మ యనుకొనుట సహజము.

మేము తిరిగి వచ్చిన నెలకు చెల్లెలు ఫోనులో చెప్పిన సంగతి యిది. శక్కర్‌నగరు వైపు బడితో ఆట జరిగినది. పిల్ల బంతి రాకమునుపు రెండుమారులు వెనుదిరిగి చూచినది. బంతి తగిలిన వెంటనే ఎడమకు పంపినది. ఆ యెడమ పిల్ల గోలునకు ఎదుట నొంటరిగా నుండి, బంతిని ఆకాశమునకు తన్నినది. ఆట ఓడిరి. ఇంటికి వచ్చి ఆ పిల్ల, మా పిల్ల యిరువురును వరండాలో కూర్చుండి పొట్లాడుకొనిరట: నీవు కొంచెము ముందు పంపవలసినదని యొకతె, నీవు కొంచెము నెమ్మదిగా కొట్టవలసినదని యొకతె.

ఇప్పుడు శనివారము రాత్రులు ఆ యెడమ పిల్ల కూడ వచ్చుచున్నదట. మామగారు కండ్లద్దములు తుడిచికొని ముందు కుర్చీ లాగుకొందురు. మా చెల్లెలు ఆపుట జాగైన నాయనయే "ఆపు, ఆపు, గిక్కడ!" అనుచున్నారట.